తాగుడు, మానసిక జబ్బు, రోడ్డున పడ్డ మనిషి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆసుపత్రి మానసిక విభాగం బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళూ, అర్ధరాత్రి ఫోన్ చేసేవాళ్ళూ, బస్టాండులో ఎవరినో చూసి మనసాగక అడిగేవాళ్ళూ, అందరూ ఇంచుమించు ఇవే సందేహాలు అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉన్నవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసినవి ఇవి. ప్రతి జవాబూ విడిగా చదివినా అర్థమవుతుంది కాబట్టి మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్ళొచ్చు.

ఎక్కువమంది "ఎక్కడ చేర్పించాలి?" అనే మొదలుపెడతారు. అది అవసరమైన ప్రశ్నే. కానీ మనిషి నిలబడతాడా లేదా అన్నది ఎక్కువగా తేలేది ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక, మొదటి కొన్ని నెలల్లోనే. ఆ భాగం కూడా తప్పకుండా చదవమని మా మనవి.

## అనుమానం వచ్చినప్పుడు

మావారు రోజూ తాగుతారు, కానీ డ్యూటీ ఒక్కరోజు కూడా మానరు. ఇది జబ్బు ఎలా అవుతుంది?

డ్యూటీకి వెళ్ళడం కొలత కాదు. పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయా? కాస్త పడితేనే ఆ వణుకు తగ్గుతోందా? ఇంతకుముందు క్వార్టర్‌తో ఆగేవారు ఇప్పుడు హాఫ్ దాకా వెళ్తున్నారా? ఇవాళ్టి నుంచి మానేశానని ఒట్టు పెట్టుకుని, సాయంత్రానికల్లా ఆ ఒట్టు తప్పుతున్నారా? వీటిలో రెండు మూడు కనిపిస్తే అది అలవాటు దాటిపోయింది, డాక్టరుకి చూపించాలి. ఎయిమ్స్ వైద్యులు కేంద్ర ప్రభుత్వం కోసం చేసి 2019లో విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం, మద్యం వల్ల హాని కలిగే స్థాయికి చేరినవాళ్ళు దేశంలో సుమారు 5.7 కోట్ల మంది. మద్యానికి పూర్తిగా బానిసైనవాళ్ళలో 38 మందికి ఒక్కరికి మాత్రమే ఏదో ఒక వైద్యం అందుతోంది. కాబట్టి ఇది మీ ఇంట్లో ఒక్కచోటే జరుగుతున్న అవమానం కాదు. వైద్యం ఉంది, వెళ్ళేవాళ్ళే తక్కువ.

మా అబ్బాయి నాలుగు రోజులుగా నిద్రపోవట్లేదు, ఎవరో చంపడానికి వస్తున్నారంటాడు. గాలి సోకిందంటున్నారు, నిజమా?

లేని మాటలు వినిపించడం, ఎవరో వెంటాడుతున్నారని గట్టిగా నమ్మడం, రోజుల తరబడి నిద్ర లేకపోవడం సైకోసిస్ అనే మానసిక జబ్బు లక్షణాలు. వైద్యం ఎంత తొందరగా మొదలైతే అంత బాగా కోలుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు మొక్కుకుంటామంటే మొక్కుకోనివ్వండి, దాని కోసం గొడవ పడొద్దు. డాక్టరు దగ్గరికి వెళ్ళడం మాత్రం వాయిదా వేయకండి. అబ్బాయితో "అవన్నీ నీ భ్రమలు" అని వాదిస్తే వినడు. "భయంగా ఉంది కదా, నిద్ర కూడా లేదు, నిద్ర పట్టేలా చూడమని డాక్టరుని అడుగుదాం పద" అంటే వచ్చే అవకాశం ఎక్కువ.

గొలుసులతో కట్టేసే చోటికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకెళ్ళకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో అలాంటి ఒక కేంద్రానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టి ఉండటంతో తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 గొలుసులు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది.

మా చెల్లెలు చచ్చిపోతానంటోంది. ఊరికే బెదిరిస్తోందంటున్నారు ఇంట్లో. పట్టించుకోవాలా?

తప్పకుండా పట్టించుకోవాలి. "చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా, మెల్లగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అడిగేవాళ్ళు ఒకరున్నారని ఊపిరి పీల్చుకుంటారు. తనని ఒంటరిగా వదలకండి. పురుగుల మందు ఇంట్లో గానీ పశువుల కొట్టంలో గానీ ఉంటే వెంటనే అక్కడినుంచి తీసేయండి, మాత్రలన్నీ మీ దగ్గర పెట్టుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఏ వేళయినా తెలుగులో మాట్లాడతారు. ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి ఆలస్యం చేయొద్దు. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ చెబుతోంది.

గంజాయి వల్లే మావాడికి మతి పోయిందా?

గంజాయి కొందరిలో మానసిక జబ్బుని బయటికి తెస్తుంది, ఉన్న జబ్బుని ముదరబెడుతుంది. చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్ళకి, కుటుంబంలో ఇలాంటి జబ్బు ఉన్నవాళ్ళకి ప్రమాదం ఎక్కువ. లోపల మొదలైన భయాన్ని, నిద్రలేమిని ఓర్చుకోలేక గంజాయి పట్టినవాళ్ళూ ఉన్నారు. ఏది ముందు, ఏది వెనక అని తేల్చుకునే దాకా ఆగక్కర్లేదు. ఒకే డాక్టరు దగ్గర రెండింటికీ ఒకేసారి వైద్యం జరగాలి.

## మందు మాన్పించేటప్పుడు

గదిలో పెట్టి నాలుగు రోజులు తాళం వేస్తే మానేస్తాడు కదా?

దయచేసి ఈ పని చేయకండి. ఏళ్ళ తరబడి రోజూ తాగుతున్న మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణాల మీదకి రావచ్చు. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు వరకు కొందరిలో డెలీరియం వస్తుంది. అందరికీ రాదు, వస్తే మాత్రం చాలా ప్రమాదం.

డెలీరియం ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే మర్చిపోలేరు. ఎక్కడున్నాడో తెలియదు. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు. దుప్పటి మీద లేని దారాలు ఏరుతూ ఉంటాడు. తాపీ మేస్త్రీ అయితే మంచం మీద కూర్చుని గాల్లో ఇటుకలు పేరుస్తాడు, ఆటో డ్రైవరైతే లేని హ్యాండిల్ తిప్పుతాడు. ఒళ్ళు కాలిపోతుంది. ఇంట్లోవాళ్ళు ఇది చూసి "మందు మానేస్తే పిచ్చెక్కింది" అని భయపడి మళ్ళీ తాగిస్తారు.

ఆసుపత్రిలో అయితే మొదట వణుకు, ఫిట్స్ రాకుండా మాత్రలు ఇచ్చి, వాటిని కొద్దిరోజుల్లో మెల్లగా తగ్గించుకుంటూ వస్తారు. బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఇంతకుముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు ఇంటి దగ్గర మానే ప్రయత్నం అసలే చేయకూడదు. ఫిట్స్ గానీ, మతి తప్పిన మాటలు గానీ మొదలైతే 108.

ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు రెండు సెలైన్లు ఎక్కిస్తే తేరుకుంటాడు. అది చాలదా?

చాలదు, ఒక్కోసారి హాని కూడా. ఏళ్ళుగా తాగి, అన్నం సరిగ్గా తినని మనిషి ఒంట్లో బి1 విటమిన్ బాగా తగ్గిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నడక తూలడం, కళ్ళు అటూ ఇటూ కొట్టుకోవడం, మతిమరుపు దాని గుర్తులు. అప్పటికీ వైద్యం అందకపోతే ఆ మతిమరుపు శాశ్వతంగా మిగిలిపోవచ్చు. ఊళ్ళో ఏ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళినా "రోజూ తాగుతాడు" అన్న మాట ముందే చెప్పండి.

మా అమ్మ కల్లు తప్ప ఏమీ ముట్టదు. తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో చేర్చాక రెండో రోజు నుంచి పిచ్చిగా అరుస్తోంది. ఎందుకు?

ఈ ప్రశ్న తెలంగాణ జిల్లాల నుంచి చాలా వస్తుంది. చెట్టు నుంచి దింపిన అసలు కల్లు వేరు, దుకాణంలో సీసాలో అమ్మేది వేరు. అమ్మే కల్లులో చాలా చోట్ల అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నట్టు దాడుల్లో పదేపదే బయటపడింది. ఇవి మత్తు మందులు. వీటికి అలవాటుపడ్డ ఒంటికి ఒక్కసారిగా అందకపోతే ఫిట్స్, మెడ వంకర్లు పోవడం, నాలుక మడతపడటం, గాల్లో మనుషులతో మాట్లాడటం కనిపిస్తాయి. 2015లో కల్తీ మీద కట్టడి పెరిగినప్పుడు నిజామాబాద్ లాంటి జిల్లాల్లో ఆసుపత్రులకి జనం ఇలాగే వరసకట్టారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగినవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అమ్మ కల్లు తాగుతుందని ఎముకల డాక్టరుకి చెప్పడానికి చాలామంది పిల్లలు మొహమాటపడతారు. చెప్పండి. ఎన్నేళ్ళుగా, రోజుకి ఎన్ని సీసాలు, చివరిసారి ఎప్పుడు తాగింది అన్నవి తెలిస్తే డాక్టరు వెంటనే సరైన మందు మొదలుపెట్టగలరు. తెలియకపోతే మెదడు స్కానింగులు, టెస్టులు అంటూ రెండు రోజులు పోతాయి.

తాగేవాళ్ళకి తెలియకుండా కూరలో కలిపే మాత్ర ఉందట. కలపొచ్చా?

వద్దు. అది సాధారణంగా డైసల్ఫిరామ్ మాత్ర. అది వేసుకున్నాక మందు తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె, లివర్ జబ్బులు ఉన్నవాళ్ళు చనిపోవచ్చు. మాత్ర ఆపేశాక కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉంటుంది. ఇది మంచి మాత్రే, కానీ తనకి తెలిసి, టెస్టులు చేయించుకుని, తాగకూడదని తనే నిశ్చయించుకుని వేసుకునే మనిషికి మాత్రమే. మందు మీద యావ తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి కూడా ఉన్నాయి. ఏది ఎవరికి సరిపోతుందో డాక్టరు చూసి చెప్పాలి. పేరు లేని పొడులు, "గ్యారంటీగా మాన్పిస్తాం" అనే ప్రకటనల జోలికి పోకండి.

## ఆసుపత్రిలో చేర్పించేటప్పుడు

ముందు ఎవరికి ఫోన్ చేయాలి? డబ్బులు అడుగుతారా?

మానసిక సమస్య అయితే టెలీ మానస్, 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, 24 గంటలూ ఉంటుంది, ఉచితం. మొదట కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే నిపుణులకి కలుపుతారు. మద్యం, డ్రగ్స్ గురించి అయితే జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. వయసు మళ్ళినవాళ్ళ కోసం 14567, పిల్లల కోసం 1098, మహిళల కోసం 181. ఫోన్ చేసేముందు మనిషి వయసు, ఏం వాడుతున్నారు, ఎన్నేళ్ళుగా, వేరే జబ్బులు ఏమున్నాయి అన్నవి కాగితం మీద రాసుకుంటే కంగారులో మర్చిపోరు.

ఎర్రగడ్డకి తీసుకెళ్తే పిచ్చివాడన్న ముద్ర పడిపోదా? రేపు పిల్లల పెళ్ళిళ్ళకి ఇబ్బంది కదా?

ఆ పేరు చుట్టూ ఉన్న భయం మాకు తెలుసు. ఎర్రగడ్డలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రి రెండూ ప్రభుత్వ ఆసుపత్రులే. ఓపీకి వచ్చేవాళ్ళలో చాలామంది చూపించుకుని, మాత్రలు తీసుకుని అదే రోజు ఇంటికి వెళ్ళిపోతారు. వార్డులో చేరాల్సి వచ్చేది కొందరే. అక్కడికి వెళ్ళడం ఇష్టం లేకపోతే దగ్గర్లోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక విభాగం ఉంటుంది, అక్కడ చూపించండి. పేషెంట్ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. ముద్ర భయంతో రెండేళ్ళు దాచి, మనిషి పూర్తిగా చేయి దాటిపోయాక తీసుకొచ్చే కుటుంబాల్ని చూస్తే మాకు చాలా బాధేస్తుంది. అప్పటికి ఊరంతటికీ తెలిసిపోయి ఉంటుంది, వైద్యం మాత్రం మొదలై ఉండదు.

రానంటున్నాడు. బలవంతంగా చేర్పించొచ్చా?

మొదట ఒప్పించడానికే చూడండి. ఆయన మాట వినే మేనమామో, పాత స్నేహితుడో ఉంటే వాళ్ళచేత చెప్పించండి. తాగి ఉన్నప్పుడు కాకుండా పొద్దున, ఒంట్లో బాగోలేదని తనే అనుకునే వేళలో అడగండి. ఎంత చెప్పినా రాకుండా, తనకి గానీ ఇతరులకి గానీ హాని జరిగే పరిస్థితి ఉంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 89వ సెక్షన్ ప్రకారం మీరు దరఖాస్తు పెట్టొచ్చు. సైకియాట్రిస్టుతో సహా ఇద్దరు విడివిడిగా పరీక్షించి అవసరమని తేలిస్తే 30 రోజుల దాకా చేర్చుకుంటారు. అత్యవసరమైతే 72 గంటల దాకా ఏ డాక్టరైనా వైద్యం మొదలుపెట్టొచ్చు. కాళ్ళూ చేతులూ కట్టి ఆటోలో పడేసి తీసుకురావడం దీని కిందకి రాదు.

ఒక రీహాబ్ సెంటర్ వాళ్ళు మనుషుల్ని పంపి ఇంటి నుంచి తీసుకెళ్తామంటున్నారు. నమ్మొచ్చా?

అలా ఎత్తుకెళ్ళే చోటు వద్దు. చేర్పించే ముందు మీరు ఒకసారి వెళ్ళి చూడండి. రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందా? సైకియాట్రిస్టు ఏ ఏ రోజుల్లో వస్తారు? రాత్రి ఫిట్స్ వస్తే చూసే నర్సు ఉన్నారా? కట్టిన డబ్బుకి రసీదు ఇస్తారా? వంటగదీ, మరుగుదొడ్డీ చూడనిచ్చారా? "మూడు నెలల దాకా కలవడానికి లేదు, ఫోన్ కూడా కుదరదు" అంటే ఇంకో మాట లేకుండా వెనక్కి వచ్చేయండి. ఇంటివాళ్ళతో మాట్లాడటం, వాళ్ళని కలవడం పేషెంట్‌కి చట్టం ఇచ్చిన హక్కు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే డీ-అడిక్షన్ కేంద్రాలు కూడా ఉన్నాయి. మీ దగ్గర్లో ఏది ఉందో 14446లో అడగండి.

కరెంట్ షాక్ పెడతారా?

మత్తుమందు, కండరాలు వదులు చేసే మందు ఇవ్వకుండా ఆ వైద్యం చేయడం నిషేధం. అందరికీ అవసరం ఉండదు. తీవ్రమైన డిప్రెషన్‌లో తిండీ నీళ్ళూ మానేసినవాళ్ళలాంటి కొందరికి డాక్టర్లు సూచిస్తారు, అప్పుడు బాగా పనిచేస్తుంది.

డ్రగ్స్ అలవాటుందని ఆసుపత్రిలో చెప్తే అరెస్టు చేస్తారా?

వైద్యం కోసం వచ్చిన మనిషి వివరాలు గోప్యంగా ఉంచాలి. పైగా మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, వాడకం కేసులో గానీ, కొద్ది పరిమాణం దొరికిన కేసులో గానీ ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తానే గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చేరి వైద్యం తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంది. మధ్యలో మానేస్తే ఆ మినహాయింపు పోవచ్చు. అమ్మకం కేసులకి ఇది వర్తించదు.

## రోడ్డు మీద ఉన్న మనిషి కోసం

మా వీధి చివర చెట్టు కింద ఒకాయన చాలా రోజులుగా ఉంటున్నాడు, తనలో తనే మాట్లాడుకుంటున్నాడు. ఎవరికి చెప్పాలి?

మీ ప్రాంతం పోలీసు స్టేషన్‌కి చెప్పండి, లేదా 112. తన సంగతి తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మానసిక రోగిని రక్షణలోకి తీసుకోవడం స్టేషన్ అధికారి బాధ్యత అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్‌లో రాసి ఉంది. 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, లాకప్‌లో పెట్టకూడదు. తప్పిపోయిన మనిషిగా ఎఫ్‌ఐఆర్ కట్టి, కుటుంబాన్ని వెతకడం కూడా వాళ్ళ పనే. "అది మా పని కాదు" అంటే ఇదే సెక్షన్ పేర్కొంటూ కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. అప్పటికీ కదలకపోతే 15100కి ఫోన్ చేసి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ సాయం అడగండి.

దగ్గరికి వెళ్ళాలంటే భయంగా ఉంది. ఎలా మాట్లాడాలి?

రోడ్డు మీద ఉన్న మానసిక రోగుల్లో ఎక్కువమంది మనకి హాని చేసేవాళ్ళు కాదు, మనల్ని చూసి భయపడేవాళ్ళే. తిట్లూ, రాళ్ళూ, కుక్కలూ, లాఠీలూ చూసి ఉంటారు. మొదటిరోజు ఏమీ అడక్కండి. కాస్త దూరంగా, ఆయన కూర్చున్న ఎత్తులోనే కూర్చుని ఒక టీ, బన్ను పక్కన పెట్టి వచ్చేయండి. మర్నాడు అదే వేళకి మళ్ళీ వెళ్ళండి. మూడోనాడో నాలుగోనాడో ఆయనే మీ వైపు చూస్తారు. అప్పుడు "పెద్దాయనా, ఏ ఊరు మనది?" అని అడిగితే ఊరి పేరు కాకపోయినా ఏదో ఒక చెరువు పేరో, రైల్వే స్టేషన్ పేరో, తమ్ముడి పేరో బయటికొస్తుంది. అది వెంటనే రాసి పెట్టుకోండి. తెలుగు రాని మనిషి అయితే ఆ మాట ఏ భాషదో కనుక్కోండి.

మూట లాక్కోవద్దు. మనకి చెత్తగా కనిపించే ఆ సంచుల్లోనే ఆయన ఆస్తంతా ఉంటుంది. కాళ్ళ వైపు ఒకసారి చూడండి. మానని పుండు ఉంటే, పురుగు పట్టి ఉంటే అది 108కి ఫోన్ చేయాల్సిన సంగతే. మానసిక వైద్యానికి ముందు దానికి చికిత్స కావాలి. ఆడవాళ్ళయితే ఆలస్యం అసలు చేయొద్దు, రాత్రిపూట వాళ్ళకి ఉన్న ప్రమాదం వేరే చెప్పక్కర్లేదు. 181కి, పోలీసులకి ఇద్దరికీ చెప్పండి.

స్నానం చేయించి, గుండు చేయించి, కొత్త బట్టలు వేసి వీడియో పెడితే వాళ్ళవాళ్ళు గుర్తుపడతారు కదా?

సాయం చేయాలన్న మీ మనసు మంచిదే. కానీ ఒప్పుకునే స్థితిలో లేని మనిషిని పదిమంది పట్టుకుని, ఏడుస్తుంటే గుండు గీయడం ఆయనకి దాడి లాగే ఉంటుంది. మానసిక ఆసుపత్రుల్లో కూడా బలవంతంగా గుండు చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అంటోంది. ఆ వీడియో ఎప్పటికీ ఉంటుంది. ఆరునెలల వైద్యం తర్వాత మామూలు మనిషై ఉద్యోగం వెతుక్కుంటున్నప్పుడు కూడా ఉంటుంది. ఫోటో అవసరమే, అయితే ఒక్కటి తీసి పోలీసులకి, ఆసుపత్రికి ఇవ్వండి. ఇంటికి చేర్చే పని వైద్యంతో కలిసి జరగాలి. వైద్యం లేకుండా ఇంటికి చేరిన మనిషి కొన్నాళ్ళకే మళ్ళీ రోడ్డు మీద కనిపిస్తాడు.

నైట్ షెల్టర్‌లో ఎవరైనా ఉండొచ్చా? ఆధార్ లేకపోతే?

నగరాల్లో లక్ష జనాభాకి ఒకటి చొప్పున 24 గంటలూ నడిచే ఆశ్రయ కేంద్రం ఉండాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ, మిగతా ఊళ్ళలో మున్సిపాలిటీల ఆధ్వర్యంలో ఇవి నడుస్తున్నాయి. మగవాళ్ళకి, ఆడవాళ్ళకి వేర్వేరుగా ఉంటాయి. పెద్ద ఆసుపత్రుల దగ్గర పేషెంట్ల బంధువుల కోసం కూడా ఉన్నాయి. కాగితం లేదని మనిషిని చలిలో బయట పెట్టడం ఈ ఏర్పాటు ఉద్దేశానికే విరుద్ధం. చుట్టుపక్కల కడుపు నింపుకోవడానికి ఆంధ్రలో అన్న క్యాంటీన్లు, హైదరాబాద్‌లో 5 రూపాయల భోజనం కౌంటర్లు ఉన్నాయి.

ఒక విషయం గుర్తుంచుకోండి. మందు మానిన వణుకులో ఉన్న మనిషినీ, బాగా ఉద్రేకంలో ఉన్న మనిషినీ షెల్టర్ సిబ్బంది చూసుకోలేరు, అక్కడ డాక్టరు ఉండరు. ముందు ఆసుపత్రి, తర్వాత షెల్టర్. ఈ వరస తప్పడం వల్లే చాలామంది రెండు చోట్లా గడప దగ్గరి నుంచే వెనక్కి వస్తున్నారు.

## ఇంటికి వచ్చాక

డిశ్చార్జ్ చేశారు. ఇక నయమైపోయినట్టేనా?

ఒంట్లో విషం దిగింది, అంతే. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. మొదటి మూడు నెలలు చాలా జాగ్రత్తగా ఉండాలి. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఖాళీగా ఉండే సమయమే మనిషిని లాగుతుంది. ఆ వేళకి ఏదో ఒక పని, ఎవరో ఒక మనిషి ఉండేలా చూడండి. పని నుంచి వచ్చే దారిలో వైన్ షాపో బెల్టు షాపో ఉంటే కొన్నాళ్ళు వేరే దారిన రమ్మనండి. జీతం రోజు, కూలి డబ్బు చేతికొచ్చే శనివారం ఎవరైనా వెంట ఉంటే మంచిది. దావత్‌లకి, దినాలకి ఒంటరిగా పంపకండి. "ఒక్క పెగ్గే కదా, ఏం కాదు" అనే బావమరుదులకి ముందే ఫోన్ చేసి చెప్పండి, మొహమాటపడొద్దు.

ఇంట్లో ప్రతి మాటా తాగుడు గురించే కాకుండా చూడండి. వచ్చిన రోజు నుంచీ నోరు వాసన చూడటం, జేబులు వెతకడం మొదలుపెడితే మనిషికి ఊపిరాడదు. పిల్లల చదువో, ఇంటి పైకప్పో, ఏదో ఒకటి ఆయన సలహా అడగండి. ఓపీ చీటీ మీద రాసిన తేదీకి మాత్రం, బాగున్నా సరే, తప్పకుండా తీసుకెళ్ళండి. బాగున్నాడు కదా అని మానేసిన ఆ ఒక్క విజిట్ తర్వాతే ఎక్కువమంది జారిపోతారు.

మాత్రలు జీవితాంతం వాడాలా? వాటికి అలవాటు పడిపోరా?

సైకోసిస్, డిప్రెషన్‌కి ఇచ్చే మాత్రల్లో ఎక్కువ వాటికి మత్తు మందుల్లాగా బానిస అవ్వరు. నిద్ర మాత్రల సంగతి వేరు, వాటిని డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. డిప్రెషన్ మాత్ర పనిచేయడం కనిపించడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మగత, లావెక్కడం, చేతులు బిగుసుకుపోవడం లాంటివి వస్తే మాత్ర మార్చమని, మోతాదు తగ్గించమని అడగండి. మీకు మీరుగా ఆపొద్దు. ఎన్నాళ్ళన్నది జబ్బుని బట్టి, ఎన్నిసార్లు తిరగబెట్టిందన్న దాన్ని బట్టి ఉంటుంది. రోజూ మాత్ర మింగడం కుదరనివాళ్ళకి కొన్ని జబ్బుల్లో రెండు వారాలకో, నెలకో ఒకసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి.

ఐదు నెలలు బాగున్నాడు, మళ్ళీ తాగాడు. పెట్టిన డబ్బంతా బూడిదలో పోసినట్టేనా?

కాదు. ఐదు నెలలు ఉండగలిగాడు, అది నిజంగా జరిగింది. షుగర్ పేషెంట్‌కి మళ్ళీ షుగర్ పెరిగితే వైద్యం వృథా అనుకోం కదా, ఇదీ అంతే. తాగిన ఆ రోజు ఏం జరిగిందో మర్నాడు, కోపం తగ్గాక అడిగి తెలుసుకోండి. ఎవరు పిలిచారు, ఏ డబ్బు, ఎక్కడ. ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మళ్ళీ రోజూ తాగే స్థితికి రాకముందే పట్టుకుంటే ఈసారి తేలిక. ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు హైదరాబాద్, విశాఖ లాంటి చోట్ల జరుగుతాయి. ఫీజు లేదు, పూర్తి పేరు చెప్పక్కర్లేదు. తనలాగే తాగి మానినవాళ్ళు చెప్పే మాట, మనం చెప్పేదానికన్నా లోపలికి వెళ్తుంది.

పెళ్ళి చేస్తే కుదురుకుంటాడంటున్నారు పెద్దలు. చేయాలా?

జబ్బుకి పెళ్ళి వైద్యం కాదు. కోలుకుని, మాత్రలు వేసుకుంటూ, పని చేసుకుంటున్న మనిషి పెళ్ళి చేసుకోవచ్చు, అది ఆయన హక్కు. కానీ దాచి చేయొద్దు. ఏమీ తెలియని ఒక అమ్మాయి మీద మొత్తం కుటుంబం మోయలేని బరువు పెట్టడం అన్యాయం. తెలిసిన రోజున ఆ పెళ్ళి కోర్టుకెక్కుతుంది, మాత్రలు దాచి దాచి వేసుకోవాల్సి వచ్చి జబ్బూ తిరగబెడుతుంది.

మానసిక జబ్బుకి పింఛను వస్తుందా?

వస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది. సదరం క్యాంపులో పరీక్షించి 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు తేలితే సర్టిఫికెట్ ఇస్తారు. మిగతా అర్హతలు కూడా ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి నెలకి 6,000, తెలంగాణలో 2023 నుంచి 4,016 రూపాయలు. వైద్యం ఎన్నాళ్ళుగా జరుగుతోందో చూపించాలి కాబట్టి మొదటి రోజు నుంచీ ఓపీ చీటీలన్నీ ఒక ఫైల్లో పెట్టండి. మద్యం వ్యసనం ఒక్కటే ఉంటే ఈ సర్టిఫికెట్ రాదు.

తాగినప్పుడే కొడతాడు, మామూలప్పుడు దేవుడే. జబ్బని ఓర్చుకోవాలా?

అక్కర్లేదు. జబ్బుకి వైద్యం ఇప్పించడం, దెబ్బలు తినడం ఒకటి కాదు. ఆయన తాగి వచ్చే వేళకి మీరూ పిల్లలూ వెళ్ళగలిగే ఇల్లు ఒకటి ముందే అనుకుని పెట్టుకోండి. ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ఒక సంచిలో అక్కడ ఉంచండి. 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రానికి కలుపుతారు, అక్కడ ఉండటానికి చోటు, న్యాయ సలహా దొరుకుతాయి. మీరు క్షేమంగా ఉండి కూడా ఆయన వైద్యం గురించి మాట్లాడొచ్చు.

నాకే ఓపిక అయిపోయింది. నేను ఎవరికి చెప్పుకోవాలి?

టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 పేషెంట్లకే కాదు, వాళ్ళని చూసుకునేవాళ్ళకి కూడా. తాగేవాళ్ళ కుటుంబాల కోసం అల్-అనాన్ అని ఉచితంగా మీటింగులు జరుగుతాయి. నెలకి ఒక్క రోజైనా ఈ పని నుంచి పూర్తిగా పక్కకి వెళ్ళండి. తమ్ముడో, ఆడపడుచో "మేమేం చేయగలం" అంటే, "ఫలానా తేదీన ఆసుపత్రికి నువ్వు తీసుకెళ్ళు" అని తేదీ, టైము చెప్పి అడగండి. ఫలానా పని అని తేల్చి అడిగితే కాదనేవాళ్ళు తక్కువ.

మతి స్థిమితం లేని మా అన్న ఆరేళ్ళ క్రితం రైలెక్కి వెళ్ళిపోయాడు. ఇప్పుడు వెతికితే దొరుకుతాడా?

ఏళ్ళ తర్వాత దొరికినవాళ్ళు ఉన్నారు, ఆశ వదులుకోవద్దు. అప్పట్లో కేసు పెట్టకపోతే ఇప్పుడైనా మీ స్టేషన్‌లో మిస్సింగ్ కేసు పెట్టండి. ఫోటోతో పాటు పచ్చబొట్టు, మచ్చ, పాత ఆపరేషన్ గుర్తు, ఆయన మాట్లాడే యాస, ఎప్పుడూ తలచుకునే పేర్లు రాసివ్వండి. భాష రాని రాష్ట్రంలో దిగినవాళ్ళు అక్కడి మానసిక ఆసుపత్రుల్లో, ఆశ్రమాల్లో పేరు తెలియని మనిషిగా ఉండిపోతారు. ముంబై దగ్గర కర్జత్‌లో డాక్టర్ భరత్ వాట్వానీ నడిపే శ్రద్ధ రీహాబిలిటేషన్ ఫౌండేషన్ అలాంటివాళ్ళకి వైద్యం చేసి దేశమంతటా సొంతూళ్ళకి చేరుస్తోంది. ఆ పనికే ఆయనకి 2018లో మెగసెసే అవార్డు వచ్చింది. వీధిన పడ్డ ఆడవాళ్ళ కోసం చెన్నైలో 1993 నుంచి ది బన్యన్ సంస్థ పనిచేస్తోంది. ఇలాంటి సంస్థలకి ఫోటో, వివరాలు పంపండి.

ఇంకో ముఖ్యమైన పని. దొరికిన మనిషికి కొత్తగా ఆధార్ తీయించబోతే, వేలిముద్రలు కలిసి, పాత కార్డు ఉందని తేలి ఇల్లు తెలిసిన సందర్భాలు దేశంలో చాలా ఉన్నాయి. కాబట్టి మీ అన్న ఆధార్‌కి ఏ ఫోన్ నంబరు జతచేసి ఉందో ఆ సిమ్ రీచార్జ్ చేస్తూ ఉండండి. ఇల్లు మారితే పాత చిరునామాలోని పక్కింటివాళ్ళకి, పంచాయతీ ఆఫీసులో, పోస్ట్‌మ్యాన్‌కి మీ కొత్త నంబరు ఇచ్చి ఉంచండి.